ఇంజను పక్కన చోటు

మా అమ్మాయి బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా చదివేసిన ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని మా ఇంట్లో దించేసి పోతుంది. ఆ మధ్య అలా దించినవాటిలో ‘ఎలినార్ అండ్ పార్క్’ అని ఒకటి కనపడింది. రాసినావిడ పేరు రెయిన్‌బో రావెల్. ఇంగ్లండులో 2012లో, అమెరికాలో ఆ మరుసటి ఏడు వచ్చిన నవల. పదహారేళ్ళ పిల్లల ప్రేమకథ. ఈ వయసులో నాకెందుకులే అని పక్కన పెట్టబోతుంటే, కథ జరిగేది 1986లో అన్న ముక్క కంటపడింది. దాంతో తెరిచాను. గోదావరి జిల్లాల్లో నా ఈడువాళ్ళ దగ్గర ఆ సంవత్సరం పేరెత్తితే చాలు, ఎవరింట్లో ఎన్నడుగుల నీళ్ళొచ్చాయో చెప్పడం మొదలెడతారు.

కథ నడిచే ఊరు ఒమాహా. అమెరికా నడిమధ్య నెబ్రాస్కా రాష్ట్రంలో ఉంటుంది. ఎలినార్ అనే పిల్లకి ఎర్రటి రింగుల జుట్టు, కాస్త భారీ ఒళ్ళు, వేసుకునేవి మగవాళ్ళ పాత చొక్కాలు. ఇంట్లో సవతి తండ్రి పెట్టే నరకం. కొత్త బడిలో చేరి మొదటిరోజు బస్సెక్కితే ఒక్కరూ జరిగి చోటివ్వరు. పార్క్ అనే కుర్రాడు విసుక్కుంటూనే తన పక్కన కూర్చోమంటాడు. అతని తల్లి కొరియా ఆవిడ, తండ్రి అమెరికన్. రోజుల తరబడి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. అతను ఒళ్ళో కామిక్ పుస్తకం పెట్టుకుని చదువుతుంటే ఆ పిల్ల పక్కనుంచి దొంగతనంగా చదివేస్తుంటుంది. అది కనిపెట్టి అతను పేజీ నెమ్మదిగా తిప్పుతాడు.

అక్కడికొచ్చేసరికి పుస్తకం మూసి లేచి కాఫీ పెట్టుకున్నాను. ఆ పేజీ నెమ్మదిగా తిప్పడం సంగతి నాకు తెలుసు.

మాది సఖినేటిపల్లి దగ్గర ఏటిగట్టు కింద ఊరు. ఎదురుగా వశిష్ఠ గోదావరి, అవతలి ఒడ్డున నరసాపురం. దిగువకి పోతే అంతర్వేది, ఆపైన సముద్రం. అప్పట్లో మా ఒడ్డు తూర్పు గోదావరి జిల్లా, ఆ ఒడ్డు పశ్చిమ గోదావరి. మేం ఒక జిల్లాలో తిని పడుకుని ఇంకో జిల్లాలో చదువుకున్నవాళ్ళం. ఇంటర్మీడియట్‌కి మాకు నరసాపురమే దిక్కు. దాటడానికి పంటు. పెద్ద పడవల మీద బల్లలు పరిచి, చుట్టూ కమ్మీలు కట్టి, ఇంజనుతో నడిపేవారు. సైకిళ్ళు, పాలక్యాన్లు, కొబ్బరికాయల బస్తాలు, గంపల్లో చేపలు, పెళ్ళివారు, ఒక్కోసారి కారో వ్యానో కూడా ఎక్కేవి. రేవుని వేలంలో పాడుకున్నాయన తాలూకు మనిషి టిక్కెట్లు కోసేవాడు. సముద్రం దగ్గర కాబట్టి పోటుకీ పాటుకీ నీళ్ళు మారిపోయేవి. పాటు మీద బయల్దేరితే పంటు ఇసుకమేట మీద కూర్చుండిపోయేది. కళాసీలు గెడలేసి తోసేవాళ్ళు. అప్పటికీ కదలకపోతే మళ్ళీ నీళ్ళు ఎక్కేదాకా అందరం అక్కడే. సఖినేటిపల్లి పిల్లలు మొదటి పీరియడ్‌కి రాలేదంటే పంటు మేటెక్కిందని లెక్చరర్లకి తెలుసు, ఎవరూ అడిగేవారు కాదు. మేటెక్కని రోజున కూడా మేం అదే చెప్పేవాళ్ళం, అది వేరే సంగతి.

పంటు మీద ఎవరి చోటు వాళ్ళది. కాలేజీ ఆడపిల్లలు ముందువైపు కమ్మీ దగ్గర, మగపిల్లలు వెనక సైకిళ్ళ దగ్గర, గంపల వాళ్ళు మధ్యలో చతికిలబడి. ఎవరూ గీత గీయలేదు గానీ ఎవరూ దాటేవారు కాదు. ఇంజను పక్కన మాత్రం మనిషనేవాడు నిలబడేవాడు కాదు. చెవులు పగిలే చప్పుడు, పొగ, డీజిలు వాసన. తెల్ల వోణీ వేసుకుంటే ఇక దాని పని అంతే.

నేను నిలబడేది అక్కడే.

పదో తరగతి పరీక్షలయ్యాక ఎండాకాలంలో నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. అమ్మమ్మ భయపడిపోయి, పిల్ల లేచి తిరిగితే తలనీలాలిస్తామని అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకుంది. లేచి తిరిగాను. ఇచ్చేశారు. ఇంకో పదిహేను రోజుల్లో కాలేజీలో చేరాల్సిన పిల్లకి ఇప్పుడు గుండేమిటి, వచ్చే ఏడు ఇద్దామని అమ్మ బతిమాలింది. స్వామికి బాకీ పెట్టే ఇల్లు కాదు మాది అంది అమ్మమ్మ. ఊళ్ళో బాకీలు బోలెడు ఉండేవి, వాటి గురించి ఆవిడకి అంత పట్టింపు లేదు.

అసలు ఆ ఇంట్లో అమ్మ మాటకి విలువ తక్కువ. నా చిన్నప్పుడే మా నాన్న ఇంకొకావిడతో వెళ్ళిపోతే, అమ్మ నన్ను చంకనేసుకుని పుట్టింటికి చేరింది. మావయ్య పెట్టే తిండికి ఇంటి చాకిరీ చెల్లు. మిగిలిన టైములో లేసు అల్లేది. నరసాపురం లేసు విదేశాలకి పోయే సరుకు. 1844 ప్రాంతంలో వచ్చిన మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్ళకి నేర్పారని చెబుతారు. మా రోజులకి చుట్టుపక్కల ఊళ్ళలో ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళ వేళ్ళ మధ్య క్రోషా సూది ఆడుతుండేది. ఏజెంటు దారం ఉండలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. అల్లినదాన్ని తిరగేసి మరగేసి చూసి తీసుకునేవాడు. చేతి చెమటకి దారం మాసినా కూలీలో కోతే.

మొగుడొదిలేసిన ఆవిడ కూతురు, ఆపైన బోడితల. టైఫాయిడ్ జుట్టు పక్కవాళ్ళకి అంటుకుంటుందని ఎవరు పుట్టించారో తెలీదు. కమ్మీ దగ్గర నేను వెళ్ళి నిలబడితే పక్కనున్న పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అవతలికి జరిగేవాళ్ళు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే నేనూ తిరిగి అందును. ఇంజను చప్పుడులో ఒక సుఖముంది, అక్కడ ఎవరూ మనతో మాట్లాడక్కర్లేదు, మాట్లాడలేదని బాధా అక్కర్లేదు.

ఆ చోటుకి నాకంటే ముందునుంచే ఒక హక్కుదారు ఉన్నాడు. సఖినేటిపల్లి రేవులో సైకిల్ షాపు వాళ్ళబ్బాయి. మా కాలేజీయే, కాకపోతే అతను సీఈసీ, నేను బైపీసీ. వాళ్ళని ఊరంతా బర్మావాళ్ళనేవారు. అతని తాత కాకినాడ వైపునుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి రైసుమిల్లులో పనిచేశాడు. ఆ రోజుల్లో ఈ తీరం నుంచి అలా వెళ్ళినవాళ్ళు వేలమంది. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్ళు తెలుగువాళ్ళందర్నీ కోరంగీలనే పిలిచేవారు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కింది. 1964లో దుకాణాలు సర్కారువి చేసేశారు. మనవాళ్ళు చేతికందింది పట్టుకుని, అది కూడా అక్కడివాళ్ళు పట్టుకోనిచ్చినంత, ఓడలెక్కి వచ్చేశారు. అతని తండ్రి అలా వచ్చినవాడే. పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు. ఆవిడ బర్మావిడ.

కొడుకు అచ్చం తల్లి పోలిక. చదునైన మొహం, సన్నటి కళ్ళు. పుట్టింది ఇక్కడ, మాట్లాడేది మా అందరికంటే చిక్కటి గోదావరి యాస, ప్రతి ముక్క చివరా ‘ఆయ్’ అనేవాడు. అయినా మగపిల్లలు గూర్ఖా అని పిలిచేవారు. రాత్రిపూట విజిలేసుకుంటూ తిరగమని ఒకడు విజిల్ కొనిచ్చాడు కూడా. అందుకని సైకిలు స్టాండేసి వచ్చి ఇంజను పక్కన నిలబడేవాడు.

ఆ చప్పుడులో మాటలు కుదరవు కాబట్టి అతను చదువుకునేవాడు. షాపులో పంక్చరు వేసేదాకా కూర్చునేవాళ్ళ కోసం వాళ్ళ నాన్న వారపత్రికలు తెప్పించేవాడు. పాతబడ్డాక సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, పాత ట్యూబు కోసి చేసిన రబ్బరు బ్యాండు బిగించి దాచేవారు. ఆ కట్టల్లో ఒకటి అతని చేతిలో ఉండేది. నేను రెండడుగుల దూరంలో గోదావరి కేసి చూస్తున్నట్టు నిలబడి వాటిని చదివేదాన్ని. మా ఇంట్లో పుస్తకాలకి పెట్టే డబ్బుల్లేవు. నాది నెమ్మది చదువు. అతను పేజీ చివరికొచ్చి బొటనవేలు అంచు మీద పెట్టి ఆగేవాడు. నేను తల ఎత్తాక తిప్పేవాడు. కొన్నాళ్ళకి కట్ట నావైపు కాస్త వంచి పట్టుకోవడం మొదలెట్టాడు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. కాలేజీలో ఎదురుపడితే ఎవరో తెలీనట్టే వెళ్ళిపోయేవాళ్ళం.

అంతలో వరదొచ్చింది. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర 75.6 అడుగులు. ధవళేశ్వరం దగ్గర ముప్ఫై అయిదు లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ అంకెలు తర్వాత పేపర్లలో చదివాం. మాకప్పుడు తెలిసిందల్లా రేవు మెట్లు ఒక్కొక్కటే కనపడకుండా పోవడం, పైన ఎక్కడో గండి పడిందని రాత్రి ఎవరో కేకలేసుకుంటూ పోవడం. పశువుల్ని విప్పేసి, బియ్యం మూటతో, గుడ్డల మూటతో గట్టెక్కాం. గట్టుకి అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే. ఊరు ఊరంతా ఆ సన్నటి గట్టు మీద తాటాకులు, పరదాలు కప్పుకుని కూర్చుంది. పాములు కూడా మాతోపాటే ఎక్కాయి. అవీ మమ్మల్ని ఏమీ అనలేదు, మేమూ వాటినేమీ అనలేదు.

మా పక్క పరదా వాళ్ళదే పడింది.

మొదట పొయ్యి వెలిగించింది బర్మావిడ. ఓడలో, క్యాంపులో బతికి వచ్చిన మనిషి కదా, తడికట్టెలతో ఎలా రాజేసిందో మరి. సేమ్యా లాంటివి కొబ్బరిపాలల్లో వండింది. వాళ్ళు దాన్ని ఖౌస్వే అంటారని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. వాళ్ళ దేశంలో అందులో కోడిమాంసం వేస్తారు, మా గట్టు మీద కొబ్బరి తప్ప ఏముంది. గిన్నెడు తెచ్చి, “అమ్మగారూ, మడికేం ఇబ్బంది లేదండి, అంతా కొబ్బరే” అని అమ్మమ్మ ముందు పెట్టింది. అమ్మమ్మ మొహం తిప్పుకుంది. మర్నాడు హెలికాప్టరు పులిహోర పొట్లాలు జారవిడిస్తే సగం నీళ్ళలో పడ్డాయి. ఆ సాయంత్రం అమ్మమ్మ తనంతట తనే, “ఆవిడ నిన్న పెట్టింది ఇంకా ఉందేమో కనుక్కోవే” అంది.

అమ్మ బాధ వేరు. ఏజెంటిచ్చిన దారం ఉండలు బురదనీళ్ళలో నానిపోయాయి. కొత్తవి కాబట్టి ఖరీదు కట్టమంటాడు. అమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ అబ్బాయి చూసి ఏమీ అనకుండా వెళ్ళి, షాపులోంచి గట్టెక్కించిన సైకిళ్ళలో ఒకదాన్ని తలకిందులుగా నిలబెట్టాడు. వానకి పట్టిన నీళ్ళలో దారాన్ని జాడించి, వెనక చక్రానికి టైరు తీసేసి, ఆ రిమ్ము మీద చుట్టడం మొదలెట్టాడు. పెడలు ఒక చేత్తో తిప్పుతూ, ఇంకో చేత్తో దారం వదులుతూ. మెరక గాలికి చక్రం తిరుగుతుంటే దారం ఆరిపోయేది. చిక్కు పడినచోట నన్ను పట్టుకోమనేవాడు. “కాస్త వదులుగా పట్టుకోండి” అని అతను, “ఇలాగాండి” అని నేను. అవి మా మొదటి మాటలు. రెండో ఉండకి అండీలు పోయాయి.

కొంత దారం పసుపురంగు తేలింది, అది పోగా మిగిలినదంతా ఏజెంటు తీసుకున్నాడు. అప్పట్నుంచీ అమ్మ అతన్ని అబ్బాయ్ అని, అతను అమ్మని పిన్నిగారూ అని. నరసాపురంలో ఏదైనా పనుంటే అమ్మ నాకు కాదు, అతనికి చెప్పేది.

పంటు మళ్ళీ తిరగడం మొదలెట్టాక ఇంజను పక్కన మేం గట్టిగా అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం. అరుస్తున్నా ఎవరికీ వినపడేది కాదు. ఏం మాట్లాడుకున్నామని ఇప్పుడడిగితే గొప్ప విషయాలేమీ లేవు. సీరియల్లో హీరోయిన్ తెలివితక్కువతనం, కెమిస్ట్రీ లెక్చరరు దగ్గు, రంగూన్‌లో ట్రాములుండేవని వాళ్ళమ్మ చెప్పే కబుర్లు. మా నాన్న సంగతి ఒకసారి నేనే చెప్పాను. విని, “నీ పోలిక ఆయనదా, పిన్నిగారిదా?” అని మాత్రం అడిగాడు. ఆయనదే అన్నాను. “నాకులాగే, తప్పించుకోలేవన్నమాట” అని నవ్వాడు.

నవలలో పార్క్ ఆ పిల్లకి పాటలు టేపులమీద రికార్డు చేసి ఇస్తాడు. వినడానికి వాక్‌మన్, దానికి బ్యాటరీలు కూడా. ఆ పిల్ల ఇంట్లో రాత్రి దుప్పటి కింద వింటుంది. నాకు ఆ పేజీలు చదువుతుంటే అసూయ కలిగింది. మాకు వాక్‌మన్ ఎక్కడిది? మా ఇంట్లో ఉన్నది మావయ్య రేడియో, దాన్ని వార్తలకి తప్ప తిప్పనిచ్చేవాడు కాదు. సైకిల్ షాపులో మాత్రం సెకండ్ హ్యాండ్ టేప్ రికార్డరు ఒకటుండేది. నరసాపురంలో రికార్డింగ్ సెంటర్లుండేవి, ఖాళీ కేసెట్టు, పాటల లిస్టు ఇస్తే నాలుగైదు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవారు. లిస్టు రాయమని అతను నాకు కాగితం ఇచ్చాడు. రాశాను. ఎక్కువ ఇళయరాజావే. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో కూడా నంబర్లు వేసి ఇచ్చాను.

ఆడపిల్ల రేవులో సైకిల్ షాపు ముందు నిలబడి పాటలు వినడం ఆ ఊళ్ళో జరిగే పని కాదు. అందుకని ఇలా చేసేవాడు. సాయంత్రం పంటు మా ఒడ్డుకి ఆనగానే నాకంటే ముందు దిగి, సైకిలు మీద షాపుకి పోయి, టేపు పెట్టి సౌండు పెంచేవాడు. నేను పుస్తకాలు గుండెలకి హత్తుకుని గట్టు మీద నడిచి వెళ్ళేదాన్ని. వంపు తిరిగేదాకా వినపడేది. వంపు దగ్గర నడక తగ్గించేదాన్ని. గాలి పడమరదైతే ఇంకాస్త దూరం వచ్చేది. రేవులో టీ తాగేవాళ్ళు, కొబ్బరి లారీ వాళ్ళు, టిక్కెట్లు కోసే మనిషి, అందరూ ఆ పాటలు వినేవారు. అవి ఎవరు రాసిచ్చిన వరసో మాకిద్దరికే తెలుసు. పాట మధ్యలో వంపు వచ్చేస్తోందని నేను ఒకరోజు అంటే, మర్నాటినుంచి టేపు ముందే సరిచేసి పెట్టుకుని, నేను దిగేసరికి పల్లవి మొదలయ్యేలా చూసేవాడు. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఏ పాట కావాలంటే ఆ పాట చెవిలో పెట్టుకుంటుంది. దానికిది చెబితే, “మరి ఆంటీలు అంకుల్స్ అందరూ మీ లవ్ సాంగ్స్ ఫ్రీగా విన్నారన్నమాట” అంది.

ప్రేమ అన్న మాట మేం వాడలేదు. చెయ్యి పట్టుకోవడం లాంటివి కూడా, పంటు మేటెక్కి ఊగినప్పుడు నేను తూలితే మోచేయి పట్టి ఆపడం ఒకటి తప్ప, ఏమీ లేవు. నవల చదివేవాళ్ళకి ఇది చప్పగా ఉండొచ్చు. అందులో వాళ్ళు మొదటిసారి చెయ్యి పట్టుకునే ఘట్టం పేజీలకి పేజీలు నడుస్తుంది. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత నా మోచేతి సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపుకున్నాను.

సంక్రాంతి నాటికి నా జుట్టు చెవుల కిందికి దిగింది. దాంతో చిత్రం జరిగింది. కమ్మీ దగ్గరి పిల్లలు, ఎండలో అక్కడెందుకు నిలబడతావు ఇలా రా అని పిలిచారు. నేను వెళ్ళాను. నాక్కూడా తోటి ఆడపిల్లలతో నవ్వుకోవాలని ఉంటుంది కదా. కొన్నిరోజులు అటు, కొన్నిరోజులు ఇటు నిలబడేదాన్ని. అతను ఏమీ అనుకోలేదు. “జుట్టు పెరుగుద్ది. కళ్ళు పెరగవు కదా, ఆయ్” అన్నాడు ఒకసారి, రిమ్ము తుడుచుకుంటూ, వానలొస్తాయంట అన్నంత మామూలుగా.

ఈ నవల మీద అమెరికాలో గొడవలు బానే జరిగాయి. 2013లో మిన్నెసోటాలో కొందరు తల్లిదండ్రులు అందులో బూతులున్నాయని ఫిర్యాదు చేశారు, అక్కడ రచయిత్రి కార్యక్రమం రద్దయింది. 2014లో అదే పుస్తకానికి, టీనేజీ పిల్లల పుస్తకాలకిచ్చే ప్రింట్జ్ హానర్ ఇచ్చారు. బూతుల గొడవ నాకు పట్టదు, ఎలినార్‌ని తిట్టే తిట్లు అలాంటి పిల్లలు రోజూ పడేవే. ఇంకో విమర్శ మాత్రం ఆలోచించాల్సింది. పార్క్ తన మొహం చూసుకుని నామోషీ పడడాన్ని, ఆ కొరియా తల్లిని చిత్రించిన తీరుని ఆసియా మూలాలున్న పాఠకులు చాలామంది తప్పుపట్టారు. నామోషీ పడడం అబద్ధమని నేననను. మా పంటు మీది అబ్బాయి కూడా కాలేజీ గ్రూప్ ఫోటోకి ఏదో వంక పెట్టి రాలేదు. నా ఫిర్యాదు ఇంకోటి. ఆ నవలలో ఇల్లు లేనిది ఎలినార్‌కి. పార్క్‌కి అమ్మానాన్నా, తిండీ, వెచ్చటి ఇల్లూ, సొంత గదీ అన్నీ ఉన్నాయి. రచయిత్రి దయ అంతా అందుకే ఆ పిల్ల వైపు పోయింది. ఇద్దరూ ఒకే బస్సు సీట్లో కూర్చున్నా ఇద్దరూ ఒకేలా వెలివేతకి గురైనవాళ్ళు కారు. ఆ పిల్ల ఊరు మారితే బతికిపోతుంది. ఆ అబ్బాయి ఏ ఊరెళ్తే మొహం మారుతుంది? దీని గురించి ఆవిడ ఇంకాస్త రాసి ఉంటే బాగుండేదనిపించింది. నేనైతే మా పంటు మీద కళ్ళారా చూశాను, జుట్టు పెరిగిన రోజునుంచి నాకు రెండు చోట్లు, అతనికి అదే చోటు.

ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక వాళ్ళు ఊరొదిలేశారు. రేవులో ఇంకో రెండు షాపులు వచ్చి బేరం పడిపోయింది. విశాఖపట్నంలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది, రంగూన్ నుంచి వచ్చినవాళ్ళని సర్కారు అక్కడ స్థిరపరిచింది. బంధువులంతా అక్కడే ఉన్నారని అక్కడికి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి అమ్మ అల్లిన టేబులు క్లాతు ఒకటి కొనుక్కుంది. ఊరికే తీసుకోండంటే వినలేదు. లేసు ఊళ్ళో కొన్నది ఆవిడొక్కతే అయ్యుంటుంది, మిగతాదంతా జర్మనీయో ఎక్కడికో పోయేది.

మా ఊళ్ళో పెళ్ళికాని పిల్లకి మగపిల్లాడి ఉత్తరం వస్తే, అది ఇంటికి చేరేలోపు పోస్టాఫీసు అరుగు మీదే నలుగురి చేతులు మారేది. ఆ సంగతి అతనికి తెలుసు. నాకు ఒక్క ఉత్తరమూ రాయలేదు. కొన్నాళ్ళకి బుక్ పోస్టులో అమ్మ పేరున ఒక కట్ట వచ్చింది. మేం పంటు మీద చదివిన సీరియల్, బైండు చేయించి మరీ. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని లేసు పక్కన పడేసి ఏకబిగిన చదివింది. నేను తర్వాత చదివాను. అక్కడక్కడ పేజీ అంచున మసక నల్లటి వేలిముద్రలున్నాయి, సైకిల్ చెయిన్ గ్రీజువి. ఎక్కడెక్కడ ఆగి నాకోసం చూశాడో ఆ మరకలు పట్టుకుని లెక్కపెట్టుకోవచ్చు. చివరి వారం భాగం మాత్రం అందులో లేదు. వాళ్ళు ఊరు మారే హడావుడిలో ఆ సంచిక దొరకలేదనుకుంటా. అమ్మకి ఇది పెద్ద వెలితి అయిపోయింది. కనపడ్డ ప్రతివాళ్ళనీ ఆ కథ చివరికి ఏమైందో అడిగేది.

నాకు డిగ్రీ అవకుండానే సంబంధం కుదిరి తణుకు వచ్చేశాను. మా ఆయన మంచివాడు. ఈ కథ ఆయనకి తెలుసు, రిమ్ము మీద దారం ఆరబెట్టడం ఆయనకి బాగా నచ్చిన ఘట్టం.

ఇక ఆ నవల చివర్లో ఏమవుతుందంటే, సవతి తండ్రి బాధ పడలేక ఎలినార్ ఇల్లొదిలి మిన్నెసోటాలో ఉన్న మేనమామ దగ్గరికి పారిపోతుంది. పార్కే బండిలో దిగబెట్టి వస్తాడు. ఆ తర్వాత అతను ఎన్ని ఉత్తరాలు రాసినా జవాబుండదు. చిట్టచివరికి ఒక పోస్టుకార్డు వస్తుంది. అందులో మూడే మాటలు. ఆ మూడూ ఏమిటో రచయిత్రి చెప్పదు. మా అమ్మాయి, “ఐ లవ్ యూ అనే అమ్మా, ఇంకేముంటుంది” అంటుంది. నాకు నమ్మకం లేదు. అన్నాళ్ళు ఊరుకున్న మనిషి ఆ మాటతో మొదలుపెట్టదు.

మాకూ ఒక పోస్టుకార్డు వచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా పోయారు, లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. నేను చంటిపిల్లతో తణుకులో ఉన్నాను, అమ్మ సంగతి తెలీక కొన్నాళ్ళు పిచ్చెక్కింది. దారులు తెరుచుకున్నాక వెళ్తే, అమ్మ పడిపోయిన చెట్ల మధ్య పీటేసుకుని కూర్చుని లేసు అల్లుతోంది. పక్కన విశాఖపట్నం ముద్రతో కార్డు. “పిన్నిగారికి నమస్కారాలు. పేపర్లో చూశాం. ఇల్లు నిలబడిందా? అమ్మమ్మగారు ఎలా ఉన్నారు? గట్టుకేమీ కాలేదు కదా? మన రేవులో పంటు తిరుగుతోందా? అమ్మాయి ఎక్కడుందో, క్షేమమో తెలియజేయగలరు. డబ్బు అవసరమైతే మొహమాటపడొద్దు.” కింద సంతకం, ఒక గవర్నమెంటు ఆఫీసు గుమాస్తా చేతిరాతలోకి తిరిగిపోయిన పాత రాత.

అమ్మ జవాబు అప్పటికే రాసి పోస్టు చేసేసిందట. ఏం రాశావే అనడిగాను. ఇల్లు నిలబడింది, వంటిల్లు రేకులు ఎగిరాయి, చెట్లు సగం పడ్డాయి, అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది, అమ్మాయి తణుకులో క్షేమం, దానికొక పాప, డబ్బేమీ వద్దు. “అంతేనా?” అన్నాను. “ఇంకోటి కూడా రాశాలే” అంది. ఆ సీరియల్ చివరికి ఏమైందో తెలిస్తే రాయమని అడిగిందిట.

తెలిసింది. పదిహేను రోజుల్లో ఇంకో కార్డొచ్చింది, చీమల బారులాంటి అక్షరాలతో, అంచులదాకా. చివరి భాగం మొత్తం జ్ఞాపకం మీద రాశాడు, ఏ పాత్ర ఏ మాటందో కూడా. అందులో హీరోయిన్ చచ్చిపోతుంది. అమ్మ ఆ కార్డు రెండుసార్లు చదివి, ఇన్నాళ్ళు ఆగింది ఈ ముక్క కోసమా అని ఆ రచయితని నోటికొచ్చినట్టు తిట్టి, లేసు పనిలో పడిపోయింది.